మంటకు గడి లేని ఫారం

ఆ రెండు వేళ్ళు పోగొట్టింది మీరే. రోలర్ కాదు, దుప్పటి కాదు, మీరు రాసుకున్నట్టు నా మరదలి నిర్లక్ష్యం అసలే కాదు. మేనేజరుగారూ, మీరు. కంపెనీ డాక్టరుగారూ, సూది ఒక్కటి జేబులో వేసుకుని వైద్యం చేసే మీరు. మెడలో స్టాప్‌వాచ్ వేలాడేసుకుని మా వీపుల వెనక నిలబడే సూపర్‌వైజర్, నువ్వు. ఈ జాబితాలో ఆఖరున నన్నూ రాసుకుంటున్నాను. ఎందుకో చదివితే తెలుస్తుంది. కుడిచేతికి జరగాల్సింది జరిగిపోయింది. ఇప్పుడు మీరు ఎడమ చెయ్యి అడుగుతున్నారు. సోమవారం పొద్దున ఆరింటికల్లా దాన్ని సంతకం పెట్టి మళ్ళీ రోలర్ దగ్గర నిలబడమన్నారు. అందుకే ఇది రాస్తున్నాను. నేను చదివింది ఏడో తరగతి. అక్షరాల్లో తప్పులుంటే దిద్దుకోండి, విషయాన్ని మాత్రం దిద్దకండి.

మాది ఆసుపత్రుల బట్టలు ఉతికే లాండ్రీ. రోలర్ అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. మనిషి నడుమంత లావున ఇనప గొట్టం, రెండు మంచాలంత వెడల్పు. దాని కింద ఆవిరితో కాలే ఇనప పళ్ళెం. ఇటువైపు ఇద్దరు తడి దుప్పటి అంచు పట్టుకుని పెడితే గొట్టం దాన్ని లోపలికి లాక్కుని, పళ్ళేనికి అదిమి, అటువైపు పొడిగా వదులుతుంది. అటువైపు ఇంకో ఇద్దరు నిలబడి, వచ్చిన అంచుని పట్టి లాగాలి. ఆ పనిని మేం అందుకోవడం అంటాం. అందుకునేవాళ్ళకి చేతులు కాలతాయి. తొడుగులు వేసుకుంటే పల్చటి అంచు వేళ్ళకి దొరకదు. వేసుకోకపోతే నాలుగు దుప్పట్లకొకసారి పక్కనున్న నీళ్ళ తొట్టిలో చేతులు ముంచాలి. ముంచి తీసే ఆ కాస్త వ్యవధితో కలిపి నిమిషానికి ఏడు దుప్పట్లు. నేను చేరిన నాటినుంచీ అదే లెక్క.

మా తమ్ముడి పెళ్ళాన్ని నేనే తీసుకెళ్ళి చేర్పించాను. మొదటి వారంలోనే దాన్ని అందుకునే వైపు పెట్టారు. అది తొట్టి వంకే చూడలేదు.

"ఏమే, చేతులు ముంచవేం?" అన్నాను ఇటువైపు నుంచి.

"నానిపోయి ముడతలు పడతాయి వదినా. మీవన్నీ నాజూకు చేతులు, పువ్వుల్లో పెట్టి పెంచినవి."

"నిన్ను మీ అమ్మ దేంతో చేసిందే, ఇస్త్రీపెట్టెతోనా?"

"ఈసారి వెళ్ళినప్పుడు అడిగొస్తా. నీ తమ్ముణ్ణి మాత్రం నువ్వు చూసుకో, వాడికి గంజి పెట్టి ఇస్త్రీ చేయాలి."

అందరూ నవ్వారు. స్టాప్‌వాచ్ మనిషి నవ్వలేదు. మేం అతన్ని గడియారం అంటాం. గడియారం ఆ పూటంతా దాని వెనకే నిలబడ్డాడు. మర్నాడు వచ్చి, "ఒక ఆడమనిషి చేస్తోంది కదా, మిగతావాళ్ళవి చేతులు కావా?" అన్నాడు. నెల తిరిగేసరికి ఏడు కాస్తా పది అయింది. పదికి అడ్డొస్తోందని అందుకునే వైపు పళ్ళెం ముందున్న అడ్డు కమ్మీ కూడా విప్పేశారు. ఆ కమ్మీ ఉన్నంతకాలం చెయ్యి పళ్ళెం దాకా పోయేది కాదు. తొట్టి తీసెయ్యలేదు, ముంచే తీరిక తీసేశారు. వారానికి రెండు మూడు జతల చేతులు బొబ్బలెక్కేవి.

నేనేం చేశానో అదీ రాస్తాను. లాండ్రీలో నా మారుపేరు కరపత్రం. అన్యాయం కనిపిస్తే కాగితం మీద పెట్టి గోడకి అంటిస్తాను. ఆ నెల అంటించిన కాగితం మీద, "ఒక్క చేతి మెప్పు కోసం ఇరవై చేతులు కాలుతున్నాయి" అని రాశాను. ఎవరి చెయ్యో చెప్పక్కర్లేకపోయింది. ఆడవాళ్ళు దానికి మేనేజరు కోడలు అని పేరు పెట్టారు. భోజనాల బల్ల దగ్గర అది కూర్చుంటే పక్కవాళ్ళు లేచిపోయేవాళ్ళు. పనిలో నేనూ మాట్లాడడం మానేశాను.

ఇంట్లో అన్నం వడ్డిస్తూ ఒక్కసారి అడిగింది. "వదినా, ఆ కాగితంలో చెయ్యి నాదేనా?"

"నీదే."

"అక్షరాలు గుండ్రంగా బాగా వచ్చాయి" అని, ఇంకో గరిటె వేసి వెళ్ళిపోయింది.

మూడు నెలలు అలా నడిచింది. ఒకరోజు మధ్యాహ్నం ఎందుకో జాలేసింది. ఇటువైపు నుంచి, "పాపకి జ్వరం తగ్గిందా?" అని కేకేశాను. అంతే. పనిలో నేను పలకరించి మూడు నెలలైంది కదా, దాని మొహం విప్పారింది. సరిగ్గా అప్పుడే దుప్పటి అంచు పళ్ళెం చివర ఇరుక్కుంది. కుడిచెయ్యి పళ్ళెం అంచు మీద ఊతంగా ఆనించి, ఎడమచేత్తో దుప్పటి గుంజుతూ, తల నా వైపు తిప్పి చెప్పడం మొదలుపెట్టింది. పాప రాత్రంతా మూలిగిందట, పొద్దున్నే లేచి బొమ్మకి కూడా మందు పోయమని పేచీ పెట్టిందట. చెబుతూ చెబుతూ ముక్కు ఎగబీల్చింది.

"ఏదో మాడుతోంది. ఎవరిదే దుప్పటి?" అంది.

ఆ మాట నా చెవిలోంచి ఇంకా పోలేదు. నేను రోలర్ ఆపే ఎర్ర బొత్తాం నొక్కి అటువైపు పరిగెత్తాను. దాని చెయ్యి ఇంకా పళ్ళెం మీదే ఉంది. నేను లాగేదాకా తియ్యలేదు. లాగాక చూసుకుని, "అయ్యో, నాదే" అంది. పాలు పొంగిపోయినప్పుడు అంటామే, అలా.

చిటికెన వేలూ, ఉంగరం వేలూ ఆసుపత్రిలో తీసేశారు. అంతకుముందు కంపెనీ డాక్టరుగారు ఫారం నింపారు. ఆ గదిలో నేనూ ఉన్నాను. సూది తీసి కాలని చోట గుచ్చారు. అది "అబ్బా" అని చెయ్యి వెనక్కి లాక్కుంది. ఇంకోచోట గుచ్చారు. మళ్ళీ లాక్కుంది.

"నొప్పి తెలుస్తోందా అమ్మా?"

"తెలియకేమండీ, సూదాయె."

ఫారంలో "నొప్పి" అని ఒక గడి ఉంది. అందులో "తెలుస్తున్నది" అని రాశారు. కింద, "నరములు సవ్యముగా ఉన్నవి. ప్రమాదమునకు కారణము పనివారి నిర్లక్ష్యము" అని రాసి, కలం మూత పెట్టారు. ఆ మూత పెట్టినంతసేపు పట్టలేదు మొత్తం పరీక్ష.

కట్టు విప్పిన వారానికి వంటింట్లో దాన్ని నిలదీశాను. అది ఎడమచేత్తో పచ్చిమిరపకాయలు చీలుస్తోంది. గింజలు వేళ్ళకి అంటుకుపోయాయి.

"నిజం చెప్పవే. కాలుతున్నట్టు నీకు తెలియలేదా?"

"తెలిసిందిగా. వాసనొచ్చింది."

"వాసన కాదే. చెయ్యి. చేతికి తెలియలేదా?"

"చేతికి ఎలా తెలుస్తుంది? కాలితే వాసనొస్తుంది, ఎర్రబడుతుంది, తర్వాత తోలు లేస్తుంది. పోటు మర్నాటికి మొదలవుతుంది." నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "నీకు ఇంకెలా తెలుస్తుంది?"

"మంట పుడుతుందే."

"అదే, మంట. ఎర్రబడ్డం."

పుట్టి ముప్పై ఏళ్ళుగా ఆ మాట అది వాడుతూనే ఉంది, మేం వింటూనే ఉన్నాం. మేం మంట అంటే ఒకటి, అది మంట అంటే ఇంకొకటి. చిన్నప్పుడు పొయ్యి దగ్గరికి వెళ్తే వాళ్ళమ్మ చెయ్యి మీద కొట్టేదట. ఆ దెబ్బ తెలిసేది. అందుకే పొయ్యి అంటే భయం, కాలుతుందని కాదు, కొడుతుందని. మోచేతుల నిండా మచ్చలుంటే దుడుకు పిల్ల అన్నారు అందరూ.

దాని కళ్ళకి తువ్వాలు కట్టాను. అప్పుడే పోసిన టీ గ్లాసు ఒకటి, కుండలో నీళ్ళ గ్లాసు ఒకటి, ఒకదాని తర్వాత ఒకటి ఎడమచేతికి ఆనించాను. చల్లది టక్కున చెప్పింది. టీ గ్లాసు ఆనిస్తే, "ఇది ఖాళీదా?" అంది. గిచ్చాను. "ఏయ్, రక్కసీ" అని నా చెయ్యి విదిలించి కొట్టింది. మిరపకాయ గింజలు అంటిన ఆ వేళ్ళు నా కళ్ళకి దగ్గరగా వస్తే నేను వెనక్కి జరిగాను. దానికి మాత్రం ఆ వేళ్ళు మండడం లేదు.

మర్నాడు పెద్దాసుపత్రికి, నరాల విభాగానికి తీసుకెళ్ళాను. నాలుగు గంటలు బెంచీ మీద కూర్చున్నాక లోపలికి పిలిచారు. చిన్న వయసు డాక్టరమ్మ, కళ్ళ కింద నల్లటి చారలు, నవ్వడానికి ఓపిక లేని మనిషి. ఆవిడ సూదితో మొదలుపెట్టింది, సూదితో ఆగలేదు. వేడినీళ్ళ గాజు గొట్టం, చన్నీళ్ళ గాజు గొట్టం, దూది, గిచ్చే పట్టకారు, అన్నీ తెచ్చుకుంది. అరగంట పట్టింది. మా కంపెనీ డాక్టరుగారికి ఏడాది మొత్తానికి పట్టనంతసేపు.

"పిల్లలున్నారా?" అని అడిగింది మరదల్ని.

"ఒక పాపండీ. నాలుగేళ్ళు."

"దానికి వేడి తెలుస్తుందా?"

"దానికి తెలుస్తుందండీ. పాలగ్లాసు ఇస్తే ముట్టుకుని, ఉఫ్ అంటుంది. అది ఉఫ్ అంటే నేను చల్లారుస్తాను." దాని గొంతులో అంత గర్వం నేనెప్పుడూ వినలేదు.

డాక్టరమ్మ కాగితం మీద గీతలు గీస్తూ చెప్పింది. నాకు అర్థమయ్యేదాకా మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ చెప్పింది. తల్లి కడుపులో నొప్పి నరాలు మొదట్లో అన్నీ ఒకేలా ఉంటాయట. వెన్నుపాము పక్కన గుంపులు గుంపులుగా చేరి, అక్కణ్ణుంచి చర్మం దాకా తీగలు సాగదీస్తాయి. చర్మం వాటికి ఒక పోషక పదార్థం అందిస్తుంది. అందిన నరం బతుకుతుంది, అందనిది చస్తుంది. ఆ తర్వాత కొన్ని నరాల్లో ఒక మీట పడుతుంది. అవి పాత తిండి మానేసి వేరే తిండికి మారతాయి. మిగతావి పాతదాని మీదే ఉంటాయి. అక్కడ రెండు దారులు. ఆ దారుల్లో మళ్ళీ చీలికలు. ఒక రకం వేడికి, ఒక రకం గిచ్చుడికి, ఒక రకం చలికి, ఒక రకం దురదకి. పుట్టిన తర్వాత కూడా కొన్నాళ్ళదాకా ఈ వేరుపడ్డం సాగుతుందట.

"అయితే మా మరదలికి ఏమైంది?"

"ఎక్కడో ఒక చీలిక దగ్గర, వేడి వైపు వెళ్ళాల్సినవి వెళ్ళలేదు. లేదా వెళ్ళి బతకలేదు. మీరు చెప్పిన మిరపకారం మండకపోవడం కూడా అందుకే, వేడికీ కారానికీ నరం మీద తలుపు ఒకటే. గిచ్చుడు రకం మాత్రం బాగానే ఉంది. ఎలుకల్లో ఇలా విడదీసి చూశారు. వేడి రకం తీసేస్తే గిచ్చితే అరుస్తాయి, కాలిస్తే ఊరుకుంటాయి. మనిషిలో ఇంత తేటగా నేను చూడలేదు. ఇంతకు మించి నాకు తెలియదు, తెలిసినట్టు చెప్పను."

"సూది గుచ్చితే తెలియదా ఈ సంగతి?"

"సూది గుచ్చితే సూది సంగతి తెలుస్తుంది" అంది డాక్టరమ్మ, తర్వాతి చీటీ అందుకుంటూ.

బయటికొచ్చాక నాకు తెలిసొచ్చింది. మేం ఓర్పు అనుకున్నది ఓర్పు కాదు. గడియారం చురుకుదనం అన్నది చురుకుదనం కాదు. నేను మెప్పు కోసం అని రాసింది మెప్పు కోసం అసలే కాదు. అమ్మ కడుపులో జరిగిన ఒక లోటు. ఆ లోటుని కొలబద్ద చేసి మా అందరి చేతుల మీదా ఆనించారు. నేను కొలబద్దని తిట్టాను, కొలిచేవాణ్ణి వదిలేశాను.

డాక్టరమ్మ ఇచ్చిన కాగితం పట్టుకుని లాండ్రీ భద్రతా కమిటీ ముందు కూర్చున్నాను. మేనేజరు, కంపెనీ డాక్టరు, గడియారం, నేను. మరదలు తలుపు దగ్గర స్టూలు మీద.

"నొప్పంటే నొప్పేనమ్మా" అన్నారు డాక్టరుగారు. "గుచ్చితే చెయ్యి లాక్కుంది. ఫారంలో గడి ఒకటే ఉంది."

"మనకి మాటలెన్ని ఉన్నాయండీ? పోటు, సలుపు, తీపు, మంట, చురుకు, దురద, గుంజుడు. మూడేళ్ళ పిల్లకి కూడా తేడా తెలుసు. ఒక్కో మాటకి ఒక్కో నరం ఉంది, మీ ఫారంలో మాత్రం ఒక్కటే మాట."

"ఒక్కో మాటకి ఒక్కో నరం అని సైన్సులో ఎక్కడా లేదు" అన్నారాయన, కాస్త హుషారుగా.

"సరే, లేదు. ఒక్క సూదికి అన్ని నరాలూ పలుకుతాయని ఉందా?"

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. మేనేజరుగారు మాత్రం ఒక్క మాటకీ అడ్డు చెప్పలేదు. పుస్తకం తెరిచి రాసుకున్నారు. మీట గురించి మళ్ళీ చెప్పమన్నారు. గ్లాసులతో ఎలా పరీక్షించానో అడిగారు. టీ ఎంత వేడిగా ఉంది అని కూడా అడిగారు. నేను పొంగిపోయాను. ఇన్నేళ్ళలో మొదటిసారి మా గోడు చెవికెక్కింది అనుకున్నాను.

ఆఖర్న తల ఎత్తి అడిగారు. "ఇలాంటివాళ్ళు ఎంతమంది ఉంటారంటావమ్మా?"

"లక్షల్లో ఒకరు ఉంటారేమోనండీ" అన్నాను.

"ఊఁ" అని అది కూడా రాసుకున్నారు.

బుధవారం పొద్దున గేటు ముందు బల్ల వేశారు. బల్ల మీద కరెంటు పొయ్యి, దాని మీద నీళ్ళు, పక్కన స్టీలు గ్లాసులు. కొత్తగా పనికొచ్చినవాళ్ళని వరసలో నిలబెట్టి, గ్లాసులో వేడినీళ్ళు పోసి చేతికిచ్చారు. గడియారం స్టాప్‌వాచ్ నొక్కుతున్నాడు. ఒకామె మూడు లెక్కపెట్టేసరికి వదిలేసింది. "తర్వాత" అన్నాడు. ఇంకొకామె పదకొండు దాకా పట్టుకుంది. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, మొహం మీద నవ్వు ఉంది. పని కావాలి కదా. అరచెయ్యి చూపించమంటే పిడికిలి విప్పలేకపోయింది.

"ఇదేం పనయ్యా?" అని గడియారం మీదికి వెళ్ళాను.

"నువ్వు చెప్పిన పరీక్షే కదా అక్కా" అన్నాడు. వెటకారం కూడా లేదు ఆ గొంతులో. నిజంగానే అనుకుంటున్నాడు. "వేడి తెలిసేవాళ్ళని రోలర్ మీద పెట్టొద్దన్నారు సార్. తెలియనివాళ్ళయితే వాళ్ళకీ సుఖం, మనకీ సుఖం."

అదే రోజు మరదల్ని ఆఫీసులోకి పిలిచి కాగితం ఇచ్చారు. ఇప్పుడు నా ముందే ఉంది. "నాకు వేడి తెలియదన్న సంగతి నాకు తెలుసును. ఎడమచేత్తో రోలరుపై పనిచేయుటకు నా ఇష్టపూర్వకముగా అంగీకరిస్తున్నాను. ఏమి జరిగినను బాధ్యత నాదే." కింద గీత, సంతకానికి.

"పెడతాను వదినా" అంది ఇంటికొచ్చి.

"పెట్టవు."

"పెట్టకపోతే మూడు వేళ్ళ చేతికి ఇంకెవరిస్తారు పని? నువ్విస్తావా, నీ కరపత్రాలు అంటించే పని?"

"ఆ చెయ్యి కూడా పోతుందే. నీకు తెలియనైనా తెలియదు."

"తెలియదు కదా, మరి ఏడుపెందుకు? భయపడేది నువ్వే." తల దించుకుని చెప్పింది. "లోటని నువ్వంటున్నావు. డాక్టరమ్మా అంది. నేను పుట్టి బుద్ధెరిగాక నన్నెవరైనా బాగా చేస్తున్నావని అన్నారంటే ఆ రోలర్ దగ్గరే. ఇంకెక్కడా అనలేదు. నువ్వూ అనలేదు."

పక్క గదిలో మా తమ్ముడు అటు తిరిగి పడుకున్నాడు, విననట్టు. నేనైతే విన్నాను. అందుకే ఈసారి గోడ మీద దాని చెయ్యి గురించి కాదు, మీ చేతుల గురించి రాస్తున్నాను.

మేనేజరుగారూ, గేటు ముందు బల్ల ఈ పూటే తీసెయ్యండి. కాలినప్పుడు వెనక్కి వచ్చే చెయ్యి లోపమున్న చెయ్యి కాదు, పనికి అదే కావలసింది. ఆ చేతికి తగ్గట్టు రోలర్ నడపండి. ఏడుకి దించండి, కమ్మీ బిగించండి. డాక్టరుగారూ, మీ ఫారం చించి కొత్తది రాయండి. వేడికి గడి పెట్టండి, చలికి పెట్టండి, గిచ్చుడికి పెట్టండి, దురదకి పెట్టండి. చోటు చాలకపోతే వెనక పేజీ వాడండి. గడిలో ఉంది, లేదు అని కాదు, పనివాళ్ళు ఏ మాట అంటే ఆ మాటే రాయండి. నిర్లక్ష్యము అన్న మాట కొట్టేసి, కమ్మీ విప్పినవాడి పేరు రాయండి. మరదలికి మడతల బల్ల దగ్గర పని ఇవ్వండి. సంతకం కాగితం నేను ఇవ్వను, నకలు కూడా ఉంచకండి. ఇదంతా ఆదివారం సాయంత్రంలోగా కాగితం మీద కావాలి.

అక్కచెల్లెళ్ళారా, గేటు ముందు ఆ గ్లాసు పట్టుకోకండి. పట్టుకున్నా, కాలిన క్షణమే వదిలెయ్యండి, గడియారం కాళ్ళ మీద పడినా సరే. మరదలిని భోజనాల బల్ల దగ్గర పక్కన కూర్చోబెట్టుకోండి, ఆ సిగ్గు ముందు నాది, తర్వాత మీది. ఆదివారానికి కాగితం రాకపోతే సోమవారం ఆరింటికి అందుకునే వైపు ఎవ్వరూ నిలబడకండి. దుప్పట్లు వచ్చినవి వచ్చినట్టు నేల మీద పడనివ్వండి.